జీడిచెట్టుకు దూరంగా కట్టిన ఊళ్ళు

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా తొలి రాష్ట్రపతి జూలియస్ నైరేరే పేరెత్తితే మనవాళ్ళు వెంటనే రెండు జట్లయిపోతారు. మా నాన్నగారి తరం వామపక్ష మిత్రులకు ఆయన పేదదేశం తలెత్తుకు తిరగాలని తపించిన మహానుభావుడు, అప్పులిచ్చిన తెల్లదేశాలు ఆయన్ని బతకనివ్వలేదు, అంతే. తొంభైల తర్వాత ఎకనామిక్స్ చదువుకున్న నా ఈడువాళ్ళకు ఆయన మంచి మనసుతో చెడ్డ లెక్కలు వేసి టాంజానియాను దివాలా తీయించిన బడిపంతులు. మొదటి జట్టుకు తిట్టడానికి ఐఎంఎఫ్ దొరికితే చాలు, రెండో జట్టుకు సోషలిజం దొరికితే చాలు. మన ప్రభుత్వం 1995లో గాంధీ శాంతి బహుమతి పెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది ఆయనే. ఆ సంగతిని కూడా రెండు జట్లూ తమకు అనుకూలంగానే వాడుకుంటాయి.

నాకు రెండు వాదనలూ సగం దారిలో ఆగిపోయినట్టుంటాయి. టాంజానియాలో జెండా మారింది, సిద్ధాంతం మారింది, అప్పిచ్చేవాడు మారాడు. ఒక్క అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. ఏ పంట వేయాలో, ఎవరికి అమ్మాలో, డబ్బు ఎప్పుడు తీసుకోవాలో, ఆఖరికి ఎక్కడ కాపురముండాలో కూడా రైతుకు పైనుంచి చెప్పడం. బ్రిటిష్ దొరలు చెప్పారు, తర్వాత స్వతంత్ర ప్రభుత్వం చెప్పింది, మధ్యలో ప్రపంచ బ్యాంకు చెప్పింది, మొన్న 2018లో మిలిటరీ లారీలు వచ్చి చెప్పాయి. దీనికి నా దగ్గరున్న సాక్ష్యం జీడిపిక్క.

పలాస-కాశీబుగ్గ చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు ఆఫ్రికా అంటే సింహాలకంటే ముందు గోనె బస్తాలు గుర్తొస్తాయి. ఉద్దానంలో రాలే పిక్కలు మన ఫ్యాక్టరీలకు ఏడాది పొడుగునా సరిపోవు. మనకు పిక్క రాలేది వేసవి ముందు నుంచి మే దాకా. టాంజానియా భూమధ్యరేఖకు దిగువనుంది కాబట్టి అక్కడ అక్టోబరులో మొదలవుతుంది. ఇక్కడ గోదాముల్లో సరుకు అడుగంటే వేళకు అక్కడి సరుకు ఓడెక్కుతుంది. వ్యాపారంలో కొలత రెండు చోట్లా ఒకటే: 80 కిలోల బస్తా. ఆ బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు దిగుతుంది, అందులో గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద ఎంత అన్నదాన్ని బట్టే ధర. "టాంజానియా పిక్కయితే గుండు బాగా దిగుతాది బాబూ" అని మా వీధి వ్యాపారి ఒకాయన మురిసిపోతూ చెప్పేవాడు. ఉద్దానం రైతేమో ఆ ఓడల మూలంగానే తన పిక్కకు గిట్టుబాటు ధర రావడం లేదని రోడ్డెక్కుతాడు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. కానీ అక్కడ చెట్టు కింద వంగి ఆ పిక్క ఏరినవాడికి ఎంత ముట్టింది, ఎప్పుడు ముట్టింది అని ఇద్దరూ అడగరు. నేను అడగడం మొదలుపెట్టాకే టాంజానియా చరిత్రలోకి దిగాను.

జీడిమామిడి మనదీ కాదు, వాళ్ళదీ కాదు. పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి పట్టుకొచ్చి హిందూ మహాసముద్రం రెండు ఒడ్డులా వదిలిపెట్టిన చెట్టు. టాంజానియా ఆగ్నేయ మూలన, మొజాంబిక్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న మ్‌ట్వారా, లిండి ప్రాంతాల ఇసుక నేలల్లో అది బాగా నాటుకుంది. 1973-74లో ఆ దేశంలో దాదాపు 1,45,000 టన్నుల పిక్కలు వచ్చాయి. ప్రపంచంలోనే పెద్ద ఉత్పత్తిదారుల్లో అదొకటి అప్పట్లో. 1986-87 నాటికి అది 17 వేల టన్నులకు అటూఇటూగా పడిపోయింది. పదమూడేళ్ళలో ఎనిమిదో వంతు కూడా మిగల్లేదన్నమాట. జీడిచెట్టు నాటితే ముప్పై నలభై ఏళ్ళు కాస్తుంది. మరి పంట ఎటు పోయింది?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఇంకో పంట గురించి చెప్పాలి. మన రాయలసీమ వాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది కూడా.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో నూనెలకు, కొవ్వులకు కటకట. వలస రాజ్యం టాంగన్యీకాలో (అప్పటి పేరు) 30 లక్షల ఎకరాలకు పైగా అడవి నరికి వేరుశనగ వేద్దామని లండన్‌లో పథకం వేశారు. 1947లో పని మొదలైంది. దేశం నడిమధ్యలో కొంగ్వా అనే చోట అడుగుపెట్టారు. కొత్త ట్రాక్టర్లు దొరక్కపోతే యుద్ధంలో మిగిలిన షెర్మన్ ట్యాంకుల్ని ట్రాక్టర్లుగా మార్చి తెచ్చారు. నరకాల్సిన చెట్ల వేళ్ళు, తుప్పలు యంత్రాల పళ్ళు విరగ్గొట్టాయి. అంతకన్నా పెద్ద చిక్కు నేల. వేరుశనగకు పువ్వు రాలాక ఊడ నేలలోకి దిగాలి, కాయ లోపల ఊరాలి, చెట్టు పట్టుకు పీకితే కాయతో సహా రావాలి. గుల్ల నేల లేకపోతే ఇందులో ఏదీ జరగదు. కొంగ్వా నేలలో బంకమన్ను పాలు ఎక్కువ, వాన వెలిసి ఎండ కాస్తే గట్టిపడిపోతుంది. అనంతపురం నుంచి రైతు ఒకణ్ణి తీసుకెళ్ళి ఆ మట్టి చేతిలో పెడితే, నలిపి చూసి అక్కడే పారేసేవాడు. అంత దూరం కూడా అక్కర్లేదు. ఆ చుట్టుపక్కల తరతరాలుగా పశువులు మేపుకుంటున్న గోగో జనాన్ని వానల సంగతి అడిగినా సరిపోయేది. అడగలేదు. 1951 జనవరిలో పథకం మూసేశారు. 3.6 కోట్ల పౌన్లు మాఫీ పద్దులోకి వెళ్ళాయి. బ్రిటన్ పన్ను కట్టేవాడు పోగొట్టుకున్నది డబ్బు. టాంగన్యీకాకు మిగిలింది మాత్రం, పెద్ద యంత్రం, పెద్ద విస్తీర్ణం, పైనుంచి వచ్చే గడువు తేదీ ఉంటేనే అది అభివృద్ధి అనే ఆలోచన.

1961 డిసెంబరు 9న స్వాతంత్ర్యం వచ్చింది. 1964లో జాంజిబార్ కలిసి టాంజానియా అయింది. నైరేరే నిజంగానే పంతులు. దార్ ఎస్ సలామ్ దగ్గర పుగు బడిలో పాఠాలు చెప్పినవాడు, జనం ఆయన్ని ఈనాటికీ మ్వాలిము (స్వాహిలీలో పంతులు) అనే పిలుస్తారు. మొదట్లో ఆయన కూడా అందరిలాగే విదేశీ పెట్టుబడి, విదేశీ సాయం మీదే ఆశ పెట్టుకున్నాడు. 1965లో రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) విషయంలో బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంటే అక్కడి నుంచి రావాల్సిన అప్పు ఆగిపోయింది. తూర్పు జర్మనీకి కాన్సులేట్ పెట్టుకోనిచ్చినందుకు పశ్చిమ జర్మనీతో గొడవై ఆ సాయమూ తగ్గింది. ఒకరి చెయ్యి కిందకి మన చెయ్యి పెడితే మాట పడాలి అన్నది ఆయనకు అనుభవంలోకి వచ్చింది. 1966లో జాతీయ సేవ నిబంధనకు వ్యతిరేకంగా యూనివర్సిటీ విద్యార్థులు ఊరేగింపు తీస్తే నాలుగు వందల మందిని ఇంటికి పంపేసి, అదే ఊపులో తన జీతమూ 20 శాతం కోసుకున్నాడు. ఇవన్నీ కలిసి 1967 ఫిబ్రవరి 5న వెలువడిన అరూషా ప్రకటన అయ్యాయి. బ్యాంకులు, పెద్ద కంపెనీలు జాతీయమయ్యాయి. పార్టీ నాయకులకు కంపెనీల్లో వాటాలుండకూడదు, రెండు జీతాలుండకూడదు, అద్దెకిచ్చే ఇళ్ళుండకూడదు. (ఈ మూడో నిబంధన మన ఎమ్మెల్యేలకు పెట్టి చూడండి, అసెంబ్లీ ఖాళీ.) స్వావలంబన, ఉజమా. ఉజమా అంటే ఉమ్మడి కుటుంబ భావన అనుకోవచ్చు, పల్లెల్లో అందరూ కలిసి ఉండి కలిసి పండించుకోవడం.

కాగితం మీద నాకు అందులో తప్పేం కనబడదు. పైగా అది కాగితం మీదే లేదు, నేల మీద కూడా ఉండేది. దక్షిణాన సోంగియా జిల్లాలో లిటోవా అనే ఊరి చుట్టూ కొందరు కుర్రాళ్ళు స్వాతంత్ర్యం నాటికే సొంతంగా ఉమ్మడి సాగు మొదలుపెట్టారు. ప్రభుత్వం పంపలేదు, వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు. క్రమంగా పదిహేనుకు పైగా ఊళ్ళు కలిసి రువుమా అభివృద్ధి సంఘమయ్యాయి. పిండిమర పెట్టుకున్నారు, రంపపు మిల్లు పెట్టుకున్నారు, పిల్లలకు తమకు కావలసిన రకం బడి కట్టుకున్నారు. ఏ పొలంలో ఏది వేయాలో ఊరి సమావేశంలో తేల్చుకునేవారు. నైరేరేకు ఈ సంఘమంటే ఎంతో ఇష్టం, అందరికీ ఉదాహరణగా చూపేవాడు. కానీ జిల్లా, ప్రాంతీయ పార్టీ పెద్దలకు అది కంట్లో నలుసు. మా మాట వినని ఊళ్ళేమిటి, మేం వేయమన్న పంట వేయమంటే ఓటు పెట్టుకుంటామనడమేమిటి? 1969 సెప్టెంబరులో పార్టీ కేంద్ర కమిటీ ఆ సంఘాన్ని రద్దు చేసింది. దాని ఆస్తుల్ని స్వాధీనం చేసుకుంది. నైరేరే ఆపలేదు.

టాంజానియా చరిత్రలో అసలు మలుపు నాకు ఇదే. అందరూ 1967 గురించి రాస్తారు, ఐఎంఎఫ్‌తో సంతకం పెట్టిన 1986 గురించి రాస్తారు. 1969లో ఉజమాను ఉజమా పార్టీయే గొంతు నులిమింది. ఆ తర్వాత జరిగినదానికి ఆ పేరు మాత్రమే మిగిలింది.

స్వచ్ఛందంగా ఊళ్ళు ఏర్పడటం నెమ్మదిగా సాగుతోందని పైవాళ్ళకు తొందర మొదలైంది. కొన్నిచోట్ల అధికారులే బలవంతం చేయసాగారు. ఇరింగా ప్రాంతంలో 1971 క్రిస్మస్ రోజున ప్రాంతీయ కమిషనర్ విల్బర్ట్ క్లెరూ ఇస్మాని అనే చోట ఒక పెద్ద మొక్కజొన్న రైతు పొలానికి వెళ్ళాడు. ఆ రైతు సయీదీ మ్వామ్విండీ, సొంత ట్రాక్టరున్నవాడు, ఉమ్మడి సాగు ససేమిరా అన్నవాడు. మాటా మాటా పెరిగింది. రైతు తుపాకీ తీసి కమిషనర్‌ని కాల్చి చంపాడు. శవాన్ని కమిషనర్ కారులోనే వేసుకుని పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్ళి లొంగిపోయాడు. అతన్ని ఉరి తీశారు. ఆ రైతు వీరుడేమీ కాదు, చేసింది హత్యే. కానీ అధికారి పొలానికి వచ్చి నిలబడితే రైతుకు నోరు విప్పే వేదిక ఒకటి లేనప్పుడు సంగతులు ఎక్కడికి పోతాయో అది చెబుతుంది. ప్రభుత్వం మరోలా అర్థం చేసుకుంది.

1973 నవంబరులో నైరేరే ప్రకటించాడు: పల్లెజనమంతా 1976 కల్లా ఊళ్ళలోకి మారాలి, ఇక ఇది ఆదేశం. అప్పటిదాకా చాలా ప్రాంతాల్లో మన పల్లెల్లాగా ఇళ్ళు ఒకచోట గుంపుగా ఉండేవి కావు. ఎవరి పొలంలో వాళ్ళ ఇల్లు. సైన్యం, మిలీషియా, పార్టీ కార్యకర్తలు, లారీలు బయల్దేరాయి. సామాను లారీలోకి ఎక్కించడం, రోడ్డు పక్కన గీతలు గీసిన స్థలంలో దింపడం. వెనక్కి పోకుండా చాలాచోట్ల పాత ఇళ్ళు కూల్చారు, తగలబెట్టారు. మూడేళ్ళలో కోటి మందికి పైగా కొత్త ఊళ్ళ లెక్కల్లోకి వచ్చారు. ఆఫ్రికాలో అంతమందిని అంత తక్కువ కాలంలో కదిలించిన ప్రభుత్వాలు అరుదు.

ఇప్పుడు జీడిచెట్టు దగ్గరకు వద్దాం.

జీడితోట గురించి తెలియనివాళ్ళు అది అడవిచెట్టు, దానంతటదే కాస్తుందనుకుంటారు. పిక్క రాలే కాలానికి ముందే చెట్టు కింద తుప్ప కొట్టి నేల శుభ్రం చేయాలి, లేకపోతే రాలిన పిక్క గడ్డిలో కనబడదు. పండు మెత్తగా రసం కారుతుంటుంది, పిక్క దాని కొసన వేలాడుతుంది. రాలినవి రాలినట్టు రెండు మూడు రోజులకోసారి ఏరి, పండు నుంచి పిక్క తుంచి, ఎండలో పోయాలి. వాన తడి తగిలితే లోపల పప్పు నల్లబడుతుంది. ఇంట్లోవాళ్ళంతా, ముఖ్యంగా ఆడవాళ్ళు, పిల్లలు తెల్లారి ఓసారి, సాయంత్రం ఓసారి తోటలోకి వెళ్ళొస్తేనే ఈ పని జరిగేది. ఇల్లు తోటలో ఉంటే అది ఇంటిపనిలో కలిసిపోతుంది. ఇల్లు పది కిలోమీటర్ల దూరాన రోడ్డు పక్కకు జరిపితే అది పోయి రావాల్సిన పనవుతుంది. మ్‌ట్వారా, లిండిల్లో అదే జరిగింది. చెట్లు ఉన్నచోటే ఉన్నాయి, మనుషుల్ని మార్చారు. తుప్ప పెరిగింది. ఎండాకాలం నిప్పంటుకుంటే చెట్లూ కాలాయి.

అంత కష్టపడి ఏరుకొచ్చినా అమ్మాల్సింది ఒక్కరికే. 1976లో ప్రభుత్వం సహకార సంఘాల యూనియన్లన్నిటినీ రద్దు చేసి పంటకో ప్రభుత్వ సంస్థను పెట్టింది. సహకార సంఘాల్లో అవినీతి లేదని కాదు, మన దగ్గర ప్యాక్స్‌లను (ఊరి సహకార పరపతి సంఘాలను) చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కానీ అందులో కనీసం ప్రెసిడెంటును దించే హక్కుండేది. కిలిమంజారో కాఫీ రైతుల సంఘం 1933 నుంచి ఉంది. బ్రిటిష్ ప్రభుత్వంతో తగువులాడి నిలిచిన అలాంటి సంఘాల్ని కూడా సొంత ప్రభుత్వం ఒక్క సంతకంతో ఎత్తేసింది. జీడి సంస్థ ఇచ్చే ధర అంతర్జాతీయ ధరలో తగ్గుతూ పోయే వాటా. ఇచ్చేది కూడా ఆలస్యంగా. డెబ్భైల చివర్లో బూడిద తెగులు వచ్చి పూతను మాడ్చేసింది, దానికి గంధకం పొడి చల్లాలి, ఎవరు చల్లుతారు? తెగులును ప్రభుత్వం తేలేదు, ఒప్పుకుంటాను. కాపలా లేని తోటలో తెగులుకు ఎదురుండదు.

ఇందులో ఘోరమైన హాస్యం ఫ్యాక్టరీలది. ముడి పిక్క ఇండియాకు పంపి పప్పు లాభం వాళ్ళకెందుకివ్వాలి, మనమే ఒలుద్దాం అనుకున్నారు. సబబైన ఆలోచనే. ప్రపంచ బ్యాంకు అప్పుతో, ఇటలీ, జపాన్ యంత్రాలతో ఫ్యాక్టరీలు లేచాయి. 1980 నాటికి అన్నీ కలిపి ఏడాదికి లక్ష టన్నులకు పైగా ఒలవగలవు. అప్పటికి పంట అందులో సగం కూడా లేదు. కొన్ని తాళం తీయకుండానే మిగిలాయి. మన పలాసలో ఆడవాళ్ళు చేతికి బూడిద రాసుకుని, పెంకులోని జీడినూనె వేళ్ళను తినేస్తున్నా, గుండు విరక్కుండా ఒలుస్తారు. (దాన్ని పొగడాల్సిన పనిలేదు, ఆ వేళ్ళు చూస్తే పొగడబుద్ధి కాదు కూడా.) ఆ యంత్రాలకు వచ్చిన పిక్క కూడా ఎక్కువ బద్దలే అయ్యేది. మొరొగొరోలో అదే ప్రపంచ బ్యాంకు డబ్బుతో కట్టిన బూట్ల ఫ్యాక్టరీదీ ఇదే కథ. యూరప్‌కు ఎగుమతి చేస్తామన్నారు. సామర్థ్యంలో 4 శాతం దాటకుండానే మూతపడింది. టాంజానియా తప్పులన్నీ సోషలిజం ఖాతాలో రాసేవాళ్ళు ఈ రెండు రకాల ఫ్యాక్టరీలూ కట్టించిన బ్యాంకు వాషింగ్టన్‌లో ఉందన్న మాట మరిచిపోతారు. స్వావలంబన అని పేరు పెట్టుకున్న దేశం డెబ్భైల్లో విదేశీ సాయం అందుకోవడంలో ఆఫ్రికాలోనే ముందు వరుసలో నిలిచింది. ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ అభిప్రాయభేదం రాలేదు. ఇద్దరి బల్లల మీదా ఒకే రకం మ్యాపు ఉండేది.

ఇంత చెప్పి నైరేరేను కొట్టిపారేస్తే అన్యాయం. 1974లో ముసోమాలో పార్టీ తీర్మానించి, మూడేళ్ళలో ప్రాథమిక విద్య అందరికీ అని బడులు తెరిచారు. బడి చాలకపోతే చెట్టు కింద, పంతుళ్ళు చాలకపోతే ఏడో తరగతి పాసైన కుర్రాళ్ళతో. 1973లో రేడియో చుట్టూ జనాన్ని కూర్చోబెట్టి నడిపిన ఆరోగ్య ప్రచారంలో ఇరవై లక్షల మంది పాల్గొన్నారు. మరుగుదొడ్లు తవ్వుకున్నారు, నీళ్ళు కాచి తాగడం నేర్చుకున్నారు. నూటికి పైగా తెగలున్న దేశాన్ని స్వాహిలీ భాషతో ఒక్కటి చేశారు. పక్కన రువాండా, బురుండీ, ఉగాండా, ఆఖరికి 2007 ఎన్నికల తర్వాత కెన్యా కూడా తెగల పేరుతో రక్తం చూశాయి. టాంజానియా ప్రధాన భూభాగంలో అలాంటిది జరగలేదు. ఇదీ అభివృద్ధి విధానమే, జీడీపీలో కనబడకపోవచ్చు. ప్రపంచ బ్యాంకుతో పాటు చైనావాళ్ళు కూడా ఆ రోజుల్లోనే వచ్చారు. పడమటి దేశాలు గిట్టుబాటు కాదన్న రైలుమార్గాన్ని, దార్ ఎస్ సలామ్ నుంచి జాంబియా దాకా 1,860 కిలోమీటర్లు, 1970 నుంచి 1975లోగా వేసేశారు. అది తర్వాత ఎలా నడిచిందన్నది ఇంకో వ్యాసం.

డెబ్భైల చివరకు దెబ్బ మీద దెబ్బ. కరువు, చమురు ధర, 1977లో కెన్యా, ఉగాండాలతో కలిసి ఉన్న తూర్పు ఆఫ్రికా సముదాయం విడిపోవడం, 1978-79లో ఉగాండా నియంత ఈదీ అమీన్‌తో యుద్ధం. దుకాణాల్లో సబ్బు కూడా దొరకని రోజులొచ్చాయి. ఐఎంఎఫ్‌తో ఆయన ఏళ్ళ తరబడి పోట్లాడాడు, 1985లో దిగిపోయాడు. ఆఫ్రికాలో తనంతట తాను కుర్చీ వదిలిన అరుదైన నాయకుల్లో ఒకడు. మరుసటి ఏడాది, ఆయన తర్వాత రాష్ట్రపతి అయిన అలీ హసన్ మ్వీనీ ఐఎంఎఫ్‌తో సంతకం పెట్టాడు.

తర్వాత ఏమైందన్నది జీడిలో చూస్తే ఒకలా, బడిలో చూస్తే ఇంకోలా ఉంటుంది. తొంభైల మొదట్లో ప్రైవేటు వ్యాపారుల్ని కొననిచ్చారు. జనం పాత తోటల దగ్గరకు తిరిగి వెళ్ళారు. మ్‌ట్వారా దగ్గర నలియెండెలె పరిశోధన కేంద్రం తెగులుకు మందు, కొత్త అంట్లు ఇచ్చింది. ఆ దశాబ్దం చివరికి పంట మళ్ళీ లక్ష టన్నులు దాటింది. అదే కాలంలో బడికి ఫీజు, ఆసుపత్రికి ఫీజు వచ్చాయి. నైరేరే బడికి పంపిన పిల్లల సంఖ్య పడిపోయింది. ప్రాథమిక బడిలో ఫీజు తీసేసింది 2001లో. జీడి రైతుకు కాస్త ఊపిరాడింది, అతని కూతురికి బడి పోయింది. ఉదారీకరణ జట్టు మొదటి సగం చెబుతుంది, వామపక్ష జట్టు రెండో సగం చెబుతుంది. ఆ ఇంట్లో మాత్రం రెండూ ఒకేసారి జరిగాయి. మూతపడ్డ ఫ్యాక్టరీల్ని ప్రైవేటుకు అమ్మారు, కొన్నవాళ్ళు కొన్నిటిని గోదాములు చేసి ముడి పిక్కలు నింపి మన ఓడలెక్కించారు.

తర్వాత గోదాము రసీదు పద్ధతి వచ్చింది. రైతు సరుకు గోదాములో పెడతాడు, ధరలో కొంత అప్పటికప్పుడు, మిగతాది వేలం అయ్యాక. పద్ధతి మంచిదే. కానీ 2013 ఏప్రిల్‌లో లిండి ప్రాంతంలోని లివాలేలో రెండో విడత చెప్పినదానికంటే తక్కువ వచ్చేసరికి జనం పార్టీ నాయకుల, సంఘ పెద్దల ఇళ్ళు తగలబెట్టారు.

ఇక 2018. మాగుఫులి రాష్ట్రపతి. "బుల్డోజర్" అని ఆయనకు పేరు. ఆ జూన్‌లో జీడి ఎగుమతి సుంకంలో రైతు నిధికి వెళ్ళే వాటాను ఖజానాకు మళ్ళించారు, దక్షిణాది ఎంపీలు పార్లమెంటులో గోల పెట్టినా ఆగలేదు. అక్టోబరులో వేలంలో ధర పడిపోయింది, రైతులు అమ్మేది లేదన్నారు. అవే రోజులు, అక్టోబరు 11న, ఉద్దానం మీద తిత్లీ తుపాను పడింది. మా జీడి, మా కొబ్బరి వేళ్ళతో సహా లేచిపోయాయి. ఇక్కడ చెట్టు పోయినవాడు, అక్కడ చెట్టుండి ధర లేనివాడు. నవంబరులో మాగుఫులి ఇద్దరు మంత్రుల్ని పీకేసి, సైన్యాన్ని దింపి, కిలో 3,300 షిల్లింగులకు పంటంతా ప్రభుత్వమే కొంటుందన్నాడు. మొదటి రోజు రైతులు పండగ చేసుకున్నారు. నేను కూడా వార్త చదివి శభాష్ అనుకున్నాను, రైతు పక్షాన నిలబడ్డ పాలకుడు కనబడితే ఎవరికి బాగుండదు? తర్వాత మొదలైంది తనిఖీ. 1,500 కిలోల పైన అమ్మినవాడు తోట చూపించాలి, దళారి కాదని రుజువు చేసుకోవాలి. నెలలు గడిచినా చాలామందికి డబ్బు అందలేదు. ప్రభుత్వం కొన్న సరుకును ఎవరికి అమ్మాలో ప్రభుత్వానికే తెలియలేదు. కెన్యా కంపెనీ ఒకటి లక్ష టన్నులు కొంటుందని అట్టహాసంగా సంతకాలు చేశారు, తర్వాత రద్దు చేశారు. గోదాముల్లో పిక్క, ఇళ్ళలో అప్పు. రైతు మేలు కోరి చేసిన పనే అది. రైతు సంఘాలను కూర్చోబెట్టి అడిగుంటే, ధర వంద తగ్గినా ఫర్వాలేదు, డబ్బు వారంలో ఇవ్వండి అనుండేవాళ్ళని నా నమ్మకం. మా ఉద్దానంలో ఏ రైతును కదిపినా ఆ మాటే అంటాడు. విత్తనం అప్పు, పెళ్ళి అప్పు ఫిబ్రవరి దాకా ఆగవు.

అడగడానికి నోరుండాలి కదా. ప్రభుత్వ గణాంకాలను తప్పుబడితే నేరమని అదే 2018లో చట్టం సవరించారు, ఏడాది తర్వాత కాస్త సడలించారు. 2025 అక్టోబరు ఎన్నికలప్పుడు ప్రధాన ప్రతిపక్ష నాయకుడు టుండు లిస్సు దేశద్రోహం కేసులో జైల్లో ఉన్నాడు. 1961 నుంచి అధికారంలో ఉన్నది ఒకే పార్టీ, పేరు మార్చుకుంది, అంతే.

మనుషుల్ని జరపడం కూడా ఆగలేదు. 2022 నుంచి న్గొరొంగొరో అభయారణ్యం మీద నుంచి మసాయి పశువుల కాపర్లను వందల కిలోమీటర్ల దూరాన హండేని జిల్లా మ్సొమెరాకు తరలిస్తున్నారు. వరసలుగా ఇళ్ళు, బడి, ఆసుపత్రి. ఇష్టపడి వెళ్తున్నారని ప్రభుత్వం, నీళ్ళూ వైద్యమూ ఆపేసి పంపేస్తున్నారని మసాయిలు. ఆ కొత్త ఇళ్ళ ఫొటోలు చూసినప్పుడు నాకు వెంటనే 1974 గుర్తొచ్చింది. అప్పుడు సామ్యవాదం కోసం, ఇప్పుడు పర్యావరణం, పర్యాటకం కోసం. లారీ అదే.

"మరి వెనకబడిన దేశాన్ని అందరినీ అడుగుతూ కూర్చుంటే ఎప్పుడు ముందుకు తీసుకెళ్తారు?" అని ఒక మిత్రుడు అడిగాడు. కొరియాను చూపించాడు. కొరియా ప్రభుత్వం కూడా ఆదేశించింది, నిజమే. కానీ అంతకుముందే భూసంస్కరణతో పొలం దున్నేవాడి చేతికొచ్చింది. టాంజానియాలో ఈనాటికీ భూమి అంతా చట్టం ప్రకారం ప్రజల తరఫున రాష్ట్రపతి ఆధీనంలో ఉంటుంది. ఆ ఒక్క తేడా మీద ఆదేశం అర్థమే మారిపోతుంది.

ఇప్పుడు అక్కడ మళ్ళీ పాత కోరిక కొత్తగా మొదలైంది: ముడి పిక్క ఎగుమతి ఆపేసి అంతా మనమే ఒలుద్దాం. పలాసవాణ్ణి కాబట్టి నా స్వార్థం నాకుందని ముందే ఒప్పుకుంటున్నా. అయినా వాళ్ళ కోరిక న్యాయమైనదే. ముడి పిక్కకు గేటు తెరిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మొజాంబిక్‌ది. తొంభైల మధ్యలో ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో అక్కడ ముడి పిక్క మీద ఎగుమతి సుంకం తగ్గించారు. పిక్క ఇండియాకు వచ్చింది, ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది కార్మికులు, ఎక్కువగా ఆడవాళ్ళు, రోడ్డున పడ్డారు. రైతుకు పెరుగుతుందన్న ధర మధ్యవాళ్ళ దగ్గరే ఎక్కువగా ఆగిపోయింది. అలాగని టాంజానియా రేపు గేటు మూసేస్తే కొనేవాళ్ళు తగ్గి, 1976లో లాగా ఒక్క కొనుగోలుదారుడి దయ మీద రైతు మిగిలే ప్రమాదమూ ఉంది. 2024 సీజన్ నుంచి ఆన్‌లైన్‌లో వేలం జరుగుతోంది. ఆ అక్టోబరులో మొదటి వేలంలోనే కిలో 4,000 షిల్లింగులు దాటింది. కొనేవాళ్ళు పోటీ పడితే ఏమవుతుందో రైతు కళ్ళారా చూశాడు.

కాబట్టి నా సలహా చిన్నది. ఎగుమతి ఆపే తేదీని రాజధాని దొడోమాలో ప్రకటించేముందు మ్‌ట్వారా ప్రాంతంలోని నెవాలా, తందహింబా రైతు సంఘాల సర్వసభ్య సమావేశాల్లో పెట్టి ఓటు తీసుకోండి. ఫ్యాక్టరీకి ఇచ్చే ధర వేలం ధరకు ఎంత తగ్గొచ్చు, డబ్బు ఎన్ని రోజుల్లో రావాలి, రాకపోతే సరుకు బయట అమ్ముకోవచ్చా అన్న మూడు ప్రశ్నలూ చీటీ మీద రాయండి. వాళ్ళు ఆపేద్దామంటే ఆపేయండి. మా వీధి వ్యాపారి గుండు తగ్గిందని నెత్తి కొట్టుకుంటాడు, ఉద్దానం రైతు మాత్రం ఆ సాయంత్రం కాశీబుగ్గ బస్టాండులో స్వీట్లు పంచుతాడు.